1907 నాటి వైజాగపటంలో గూఢచారి హాస్యనాటకం: కెప్టెన్‌ను ఎలా నడిపించాలి?

సీతమ్మధార నాటకం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలో ఒక చిన్న నాటక బృందం. పగలంతా ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి, సాయంత్రమైతే రిహార్సల్సు. ఈసారి కళాభారతిలో గంట నిడివి హాస్యనాటకం వెయ్యాలనుకున్నాం. గూఢచారి కథ. కాలం 1907. ఊరు మన ఊరే.

ఈ ఆలోచనకు మూలం ఒక పాత బ్రిటిష్ టీవీ ధారావాహిక. 1968లో ఏటీవీ సంస్థ తీసిన 'వర్జిన్ ఆఫ్ ద సీక్రెట్ సర్వీస్'. మొత్తం 13 భాగాలు, నలుపు తెలుపు. మా బృందంలో కొందరం కలిసి కొన్ని భాగాలు చూశాం. ఎడ్వర్డ్ రాజు కాలంలో కెప్టెన్ రాబర్ట్ వర్జిన్ అనే సైనికాధికారి బ్రిటిష్ సామ్రాజ్యాన్ని కాపాడుతూ తిరుగుతుంటాడు. మొదటి భాగం పేరులోనే బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దు ఉంది. వెంట డబ్లెట్ అనే నమ్మకస్తుడైన సేవకుడు, కెమెరా పట్టుకుని తిరిగే మిసెస్ కోర్టెజ్ అనే ధైర్యవంతురాలు ఉంటారు. ఎదుటి పక్షంలో కార్ల్ ఫాన్ బ్రౌనర్, క్లాస్ స్ట్రైబెక్ అనే ఇద్దరు విలన్లు. మీసాలు, మారువేషాలు, రహస్య పత్రాలు, అన్నీ ఉన్నాయి. అందరికీ తెగ నచ్చింది.

మేము అనుకున్న కథ ఇది. ఒక ఇంగ్లీషు కెప్టెన్ వైజాగపటంలో దిగుతాడు. సీతాకోకచిలుకలు పట్టే శాస్త్రజ్ఞుడి వేషంలో ఒక జర్మను గూఢచారి అప్పటికే ఊళ్ళో ఉంటాడు. కెప్టెన్‌కు సాయంగా అప్పన్న అనే ఇక్కడి మనిషి కుదురుతాడు. ఇంతవరకూ బాగానే ఉంది. పేచీ ఇక్కడినుంచే.

మా దర్శకుడు కెప్టెన్‌ను పూర్తిగా తెలివితక్కువవాడిగా చూపిద్దాం అంటున్నాడు. కాలు జారడం, తుపాకీ తలకిందులుగా పట్టుకోవడం లాంటివి. అలా వద్దు, నిజమైన వీరుడిలాగే నడిపిద్దాం అని నేనంటున్నాను. అప్పన్న వేషం వేసే మిత్రుడికి అసలు మూలంలోనే అభ్యంతరం ఉంది. "దొరను వీరుణ్ణి చేసి, నన్ను గొడుగు పట్టుకుని వెనక నడవమంటారా? ఈ ఊళ్ళో కూర్చుని దాన్ని చూసి చప్పట్లు కొట్టాలా?" అని అడిగాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఇంకో చిక్కు. 1907లో ఇక్కడ ఓడరేవే లేదు కదా, గూఢచారికి ఇక్కడేం పని? కాస్త తెలిసినవారు సాయం చెయ్యండి.

మహారాణిపేట చరిత్ర టీచరు

బాబూ, మీ దర్శకుణ్ణి కాస్త ఆగమనండి. మీరు చెప్పిందే సరి. కెప్టెన్ కాలు జారి పడితే హాలు ఒకసారి నవ్వుతుంది, రెండోసారి ఊరుకుంటుంది. ఆ తరవాత గంటసేపు అతన్ని భరించాలి. తనను తాను నూటికి నూరుపాళ్ళు నమ్మే మనిషిని చూపిస్తే, అతను నోరు తెరిచినప్పుడల్లా నవ్వు వస్తుంది.

మీరు చూసిన ధారావాహికలో కెప్టెన్ వేషం వేసిన క్లింటన్ గ్రేన్ నటనను ఇంకోసారి పరిశీలించండి. వేల్స్ నటుడు, చూడముచ్చటైన మనిషి. తానేదో హాస్యం చేస్తున్నట్టు ముఖంలో ఎక్కడా తేలనివ్వడు. రాజు, దేశం, ఇచ్చిన మాట, అన్నీ అతనికి ప్రాణప్రదం. చుట్టూ ఉన్న కథ ఎంత విడ్డూరంగా మారితే అతను అంత నిటారుగా నిలబడతాడు. పేరడీకి ప్రాణం అక్కడే ఉంది. డబ్లెట్ వేసిన జాన్ కేటర్, స్ట్రైబెక్ వేసిన పీటర్ స్వాన్‌విక్ కూడా గట్టి నటులు. ఆ స్వాన్‌విక్ దాదాపు అదే సమయంలో 'ది ప్రిజనర్' అనే మరో ప్రసిద్ధ ధారావాహికలో సూపర్‌వైజర్ పాత్ర వేశాడు. 1968లోనే కన్నుమూశాడు.

ఇదే తోవలో దీనికి రెండేళ్ళ ముందు బీబీసీ 'ఆడమ్ ఆడమంట్ లివ్స్' అని ఒకటి తీసింది. 1902లో శత్రువులు మంచులో గడ్డకట్టించిన సాహసవీరుడు 1966 లండన్‌లో కళ్ళు తెరుస్తాడు. జెరాల్డ్ హార్పర్ వేశాడు. అతనూ అంతే, భుజాన కేపు, చేతిలో కత్తి ఉన్న కర్ర, నోట మర్యాద. మినీ స్కర్టులు తిరిగే వీధిలో కూడా తన కాలం మర్యాదను అంగుళం వదలడు. దాని 29 భాగాల్లో ఇప్పుడు మిగిలినవి 17 మాత్రమే. అప్పట్లో వీడియో టేపు చాలా ఖరీదు, ప్రసారం అయిపోగానే చెరిపేసి మళ్ళీ వాడుకునేవారు. మనుషులు చెమటోడ్చి చేసిన పని అలా తుడిచిపెట్టుకుపోయిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అందుకే మీ నాటకాన్ని మంచి కెమెరాతో రికార్డు చేయించి, నాలుగు చోట్ల దాచండి. ఇది వేరే మాట అనుకోకండి, నాకు ముఖ్యమైన మాట.

ఇక మీ అప్పన్న మిత్రుడి ప్రశ్న. దాన్ని పక్కన పెట్టకండి, మీ నాటకానికి అదే వెన్నెముక.

ముందు ఆ ధారావాహిక పుట్టిన కాలం చూడండి. 1967 నవంబరులో బ్రిటన్ అరేబియా తీరంలోని ఏడెన్ రేవును వదిలి వెళ్ళిపోయింది. 1968 జనవరిలో ప్రధాని విల్సన్ సూయెజ్‌కు తూర్పున ఉన్న సైన్యాలను వెనక్కి రప్పిస్తామని ప్రకటించాడు. అదే సంవత్సరం వాయవ్య సరిహద్దు మీద 'క్యారీ ఆన్ అప్ ద ఖైబర్' అనే హాస్యచిత్రం కూడా వచ్చింది. అందులో ఖైబర్ కనుమ అని చూపించింది వేల్స్‌లోని స్నోడన్ కొండదారిని. సామ్రాజ్యం చేజారిపోయిన తరవాత ఆ వేషాన్ని తీసి, దులిపి, తొడుక్కుని తమను చూసి తామే నవ్వుకున్న కాలం అది. ఈ ధారావాహికను సృష్టించిన టెడ్ విల్లిస్ లేబర్ పార్టీ మనిషి, ఆ పార్టీ తరఫున 1964లో ప్రభువుల సభకు వెళ్ళాడు. 'డిక్సన్ ఆఫ్ డాక్ గ్రీన్' అనే టీవీ ధారావాహికలో మామూలు వీధి పోలీసును ఇంటింటికీ పరిచయం చేసిన రచయిత ఆయనే.

కానీ అది వాళ్ళ నవ్వు. వాళ్ళు తమ తాతలను చూసి నవ్వుకున్నారు. ఆ నవ్వును మనం ఉన్నదున్నట్టు దించుకుంటే మన తాతల స్థానం గొడుగు పట్టుకునే చోటే ఉంటుంది. మీ మిత్రుడికి నొప్పి తగిలింది అక్కడే, ఆయన నొప్పి న్యాయమైనది.

చరిత్రలో నిజంగా ఆ రహస్య పనులు చేసినవాళ్ళు ఎవరో తెలుసుకుంటే దారి దొరుకుతుంది. టిబెట్టు, హిమాలయాల అవతలి నేలను కొలిచినవాళ్ళు కెప్టెన్లు కారు. అక్కడ దొరలకు ప్రవేశమే లేదు. సర్వే ఆఫ్ ఇండియా తర్ఫీదు ఇచ్చి పంపిన, 'పండితులు' అని పిలిచే ఇక్కడి మనుషులు కొలిచారు. కుమావూ కొండల బడిపంతులు నైన్ సింగ్ రావత్ 1866లో యాత్రికుడి వేషంలో లాసా చేరాడు. చేతిలో జపమాల. మామూలు మాలలో 108 పూసలుంటాయి, ఆయన మాలలో 100 ఉండేవి. నూరు అడుగులకు ఒక పూస జరిపేవాడు. ప్రతి అడుగూ ఒకే పొడవు పడేలా ముందే సాధన చేయించారు. కొండ ఎక్కుతున్నా, దిగుతున్నా, దొంగలు వెంటపడ్డా అడుగు మారకూడదు. చేతిలో తిప్పే ప్రార్థనా చక్రంలో మంత్రం ఉండవలసిన చోట కొలతలు రాసిన కాగితాలుండేవి. ఉష్ణమాపకం కర్రలో దాగి ఉండేది. 1877లో లండన్ భౌగోళిక సంఘం ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. అంత సాహసం ముందు కెప్టెన్ వర్జిన్ మారువేషాలు ఏపాటివి?

కాబట్టి అప్పన్న చేతిలో గొడుగు తీసేసి జపమాల పెట్టండి.

ఇప్పుడు ఊరి సంగతి. గూఢచారికి ఇక్కడేం పని అన్నారు, బోలెడు పని. మన జిల్లాలో 1892 నుంచి మాంగనీసు తవ్వుతున్నారు, విజయనగరం వైపు గరివిడి, గర్భాం ప్రాంతాల్లో. ఉక్కు తయారీకి మాంగనీసు తప్పనిసరి. 1905 విప్లవ కల్లోలంతో రష్యాలోని కాకసస్ గనుల సరుకు దెబ్బతింది, ప్రపంచం కొనుగోళ్ళకు ఇటువైపు తిరిగింది. ఆ రాయి వైజాగపటం నుంచే ఓడలెక్కేది. ఫిరంగులు పోతపోసే దేశం నుంచి వచ్చిన జర్మను వేషధారి ఇక్కడ సీతాకోకచిలుకల వల పట్టుకుని తిరగడానికి ఇంతకన్నా మంచి కారణం ఏం కావాలి? పైగా వాల్తేరు రెండు రైల్వేలు కలిసే చోటు. ఉత్తరాన బెంగాల్ నాగపూర్ రైల్వే, దక్షిణాన మద్రాసు రైల్వే. ఊరి జనాభా సుమారు 40,000. కొత్త ముఖం దిగితే సాయంత్రానికి అందరికీ తెలిసిపోయే ఊరు. రహస్యంగా వచ్చిన కెప్టెన్‌కు అదే పెద్ద గండం.

1907 అన్న సంవత్సరం మీకు అనుకోకుండా దొరికినట్టుంది, వదలకండి. ఆ ఏడాది ఆగస్టు 31న బ్రిటన్, రష్యా ఒప్పందం చేసుకున్నాయి. అంటే అంతవరకూ రష్యన్లను వేటాడడం నేర్చుకున్న కెప్టెన్ ఇప్పుడు ఉన్నట్టుండి జర్మన్లను వేటాడాలి. ఇంకా అసలు సంగతి, ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకునే బ్రిటిష్ గూఢచారి సంస్థలకు పునాది పడింది 1909 అక్టోబరులో. 1907లో ఆ సీక్రెట్ సర్వీస్ బ్యూరో లేనే లేదు. దేశమంతా జర్మను గూఢచారులే అని విలియం లె క్యూ లాంటి నవలారచయితలు జనాన్ని హడలగొట్టారు, ఆ హడావిడికి కూడా ఆ సంస్థ పుట్టుకలో వాటా ఉంది. మీ కెప్టెన్ ఇంకా పుట్టని శాఖకు విధేయుడు. అతని చేత ఆ మాట గర్వంగా చెప్పించండి.

అదే 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ మన తీరమంతా తిరిగారు. విజయనగరం, విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరు. ముట్నూరి కృష్ణారావు గారు వెంట ఉన్నారు. వందేమాతరం అన్నందుకు రాజమండ్రిలో విద్యార్థులు కాలేజీల నుంచి బహిష్కరణకు గురైన సంవత్సరం అది, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు వారిలో ఒకరు. సిమ్లాలో 1904లోనే పెట్టిన క్రిమినల్ ఇంటెలిజెన్స్ శాఖ కన్ను ఇలాంటి మనుషుల మీదే ఉండేది.

మీ కథ నాకు ఇలా కనిపిస్తోంది. కెప్టెన్ జర్మనువాడి కోసం డాల్ఫిన్ నోస్ కొండ నుంచి రాస్ హిల్ దాకా వెతుకుతాడు. అప్పన్న చిత్తశుద్ధితో అతనికి దారి చూపిస్తాడు, ప్రాణాలూ కాపాడతాడు. అప్పన్న మోస్తున్న కెప్టెన్ ట్రంకుపెట్టె అడుగున పాల్ గారి మాటలు అచ్చేసిన స్వదేశీ కరపత్రాలుంటాయి. దొర పెట్టెను ఏ పోలీసూ తెరవడు. ఈ సంగతి హాలుకు మొదటి రంగంలోనే తెలియాలి, కెప్టెన్‌కు చివరిదాకా తెలియకూడదు. కెప్టెన్ మంచివాడే, వీరుడే, తన పక్కనున్న మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. ఇంతకు మించి అతన్ని వెక్కిరించవలసిన పని లేదు.

కురుపాం మార్కెట్ వేషధారణ

టీచరు గారికి నమస్కారం. కథ సంగతి పెద్దలు చెప్పారు, నేను బట్టల సంగతి చెబుతాను. నాటకాలకు వేషాలు అద్దెకిచ్చే పని మాది.

1907 సైనికాధికారి అనగానే మనవాళ్ళు ఎర్రకోటు తెచ్చి తొడుగుతారు. అది కవాతులకు, విందులకు. పని మీద ఉన్న అధికారి ఖాకీలో ఉండాలి. నడుముకు వెడల్పాటి తోలు బెల్టు, కుడి భుజం మీదుగా ఏటవాలు పట్టీ. దాన్ని సామ్ బ్రౌన్ బెల్టు అంటారు, 1858 పోరులో ఎడమ చెయ్యి పోగొట్టుకున్న అధికారి కత్తి వేలాడదీసుకోవడానికి వీలుగా కుట్టించుకున్నదని చెబుతారు. కాళ్ళకు మోకాలి దాకా చుట్టిన పట్టీలు. ఇవి ముందే చుట్టి కుట్టించెయ్యండి, రంగం మధ్యలో ఊడితే ఎవరూ సర్దలేరు.

టోపీ మీద మాత్రం డబ్బు ఖర్చు పెట్టండి. ప్లాస్టిక్ టోపీ వెలుతురు పడగానే మెరుస్తుంది, ఆటవస్తువని తెలిసిపోతుంది. అసలు టోపీ జీలుగు బెండుతో చేసేవారు. బెండు పని తెలిసినవాళ్ళు దొరికితే సరే, లేకపోతే అట్టమూస మీద గుడ్డ అంటించి, గంజిపెట్టి, పైన ఖాకీ బట్ట ముడతలుగా చుట్టండి. టోపీ బరువుగా ఉంటే నటుడి మెడ దానంతట అదే నిటారవుతుంది. టీచరు గారు చెప్పిన నిటారు మనిషి సగం అక్కడే వచ్చేస్తాడు.

అప్పన్నకు పంచె, తలపాగా, నీరుకావి రంగు. తెల్లగా మల్లెపువ్వులాంటి పంచె కట్టించకండి, కష్టపడే మనిషి.

గోపాలపట్నం ప్రేక్షకుడు

నా మాట కాస్త భిన్నంగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. ఎవరూ చూడని ఇంగ్లీషు ధారావాహికకు పేరడీ దేనికి? పేరడీ అంటే అసలు ఏదో హాలుకు తెలిసి ఉండాలి. తెలుగువాడికి గూఢచారి అంటే కృష్ణ గారు. 1966లో 'గూఢచారి 116' వచ్చింది. చదివేవాళ్ళకు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు. ఆ పద్ధతిలో రాస్తే జనం మొదటి నిమిషం నుంచే అందుకుంటారు.

ఇంకొకటి. దొర పాత్ర అనగానే "టుమ్, హమ్" అంటూ వచ్చీరాని తెలుగు మాట్లాడించడం సినిమాల్లో అరిగిపోయింది. గంటసేపు ఆ యాస వినిపిస్తే నేను లేచి బయటికి వెళ్ళిపోతాను, నిజంగానే చెబుతున్నాను. మరి ఇంగ్లీషులో మాట్లాడిస్తారా?

సీతమ్మధార నాటకం

టీచరు గారూ, మీ జవాబు బృందం అందరికీ చదివి వినిపించాను. ట్రంకుపెట్టె సంగతి వినగానే మా అప్పన్న లేచి నిలబడ్డాడు. ఆ వేషం ఇక ఎవరికీ ఇవ్వడట. దర్శకుడు కూడా కాలు జారడం మానేద్దామన్నాడు, అయితే "నవ్వు ఎక్కడినుంచి వస్తుందో రంగం రాసి చూపించండి" అన్నాడు. గోపాలపట్నం గారు అడిగిన భాష ప్రశ్న మమ్మల్నీ వేధిస్తోంది. మిసెస్ కోర్టెజ్ లాంటి పాత్ర మాకూ కావాలా, ఆమెకు పనేమిటి అన్నది కూడా తేలలేదు. బృందంలో ఇద్దరు మంచి నటీమణులున్నారు.

మహారాణిపేట చరిత్ర టీచరు

గోపాలపట్నం గారూ, కృష్ణ గారి మీద నాకూ అభిమానమే. అయితే 1966 మద్రాసు గూఢచారి, 1966 లండన్ గూఢచారి ఒకే గాలిలో పుట్టారు. 1962లో మొదలైన బాండు సినిమాల గాలి అది. అమెరికావాళ్ళు కూడా 1965లో 'ది వైల్డ్ వైల్డ్ వెస్ట్' అని గుర్రాల కాలానికి గూఢచారిని తీసుకువెళ్ళారు. హాలుకు ఆ ఇంగ్లీషు ధారావాహిక తెలియనక్కరలేదు. దొర, టోపీ, రహస్య పత్రం, మారువేషం, ఇవి చాలు. అవి మనవాళ్ళకు బాగా తెలుసు.

భాష గురించి మీరు లేవనెత్తింది మాత్రం బంగారంలాంటి ప్రశ్న. వచ్చీరాని తెలుగు వద్దు, ఇంగ్లీషూ వద్దు. కెప్టెన్ చేత తప్పు లేని గ్రాంథికం మాట్లాడించండి.

ఇది గాలిలోంచి తీసిన ఊహ కాదు. ఇక్కడికి వచ్చే దొరలు తెలుగు పరీక్షలు పాసవ్వాలి. వాళ్ళు నేర్చుకున్నది వ్యాకరణంలోంచి, పాఠ్యపుస్తకాల్లోంచి, బ్రౌన్ నిఘంటువులోంచి. 1852లో అచ్చయిన ఆ నిఘంటువు 1903లో మళ్ళీ అచ్చయింది, మీ కెప్టెన్ ట్రంకుపెట్టెలో అది ఉండి తీరాలి, కరపత్రాల పైన. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే దొర బడుల తనిఖీ అధికారిగా ఉండేవాడు. బడిలో నేర్పే తెలుగు ఒకటి, వీధిలో వినిపించే తెలుగు ఇంకొకటి, ఇదేమిటని అడిగినవాడు ఆయనే. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు ఆ ప్రశ్నను అందుకున్నారు. వ్యావహారిక భాషోద్యమం అలా కదిలింది. ఇంత పెద్ద కథ మన వీధుల్లో జరిగితే మనం నాటకంలో వాడుకోకపోతే ఎలా?

రంగం రాసి చూపించమన్నారు కదా. కెప్టెన్ పడవలో రేవుకు వస్తున్నాడు. పడవవాడు "గట్టిగా పట్టుకోండి దొరా, పెద్ద అల వస్తోంది" అంటాడు. కెప్టెన్ కదలకుండా కూర్చుని "ఓయీ నావికా, ఈ తరంగ మెంతసేపటికి శమించును?" అని అడుగుతాడు. పడవవాడు అప్పన్న వైపు చూస్తాడు. అప్పన్న "ఎప్పుడు తగ్గుతుందని అడుగుతున్నారు" అంటాడు. అల తల మీద పడుతుంది. కెప్టెన్ ముఖం తుడుచుకోడు, "కృతజ్ఞుడను" అంటాడు. చూశారా, అతను తెలివితక్కువ పని ఒక్కటీ చెయ్యలేదు. భాష తప్పు లేదు, మర్యాద తప్పు లేదు, ధైర్యానికి లోటు లేదు. దొర మాట్లాడిన తెలుగును తెలుగువాడికి అప్పన్న అర్థం చెప్పవలసి వచ్చింది. రహస్య సమాచారం చేతులు మారే రంగాలన్నిటికీ ఇదే ఇరుసు. అప్పన్న ఏం చెబితే అదే కెప్టెన్ మాట అవుతుంది, ఏది దాస్తే అది కెప్టెన్‌కు లేనట్టే.

కెప్టెన్ వేషధారికి ఒక సాధన చెబుతాను. రోజూ కాసేపు పాత పాఠ్యపుస్తకం వచనం బిగ్గరగా చదవమనండి. నవ్వు రాకుండా, అర్థం తెలిసి, ఎదురుగా ఉన్న మనిషికి నిజంగా చెబుతున్నట్టు. ఆ వాక్యాలు అతనికి సొంతమైన రోజున పాత్ర నిలబడుతుంది.

మిసెస్ కోర్టెజ్ గురించి. ఆ ధారావాహికలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఆమే. ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం ఇంగ్లండులో పోరాటం రాజుకుంటున్న కాలానికి, సొంత కాళ్ళ మీద తిరిగే ఒక ఫొటోగ్రాఫరును తెచ్చారు. ఒక భాగం పేరే 'ది రాజా అండ్ ద సఫ్రజెట్'. ఆ వేషం వేసిన వెరోనికా స్ట్రాంగ్ ఎక్కడా అలంకారంగా నిలబడిపోలేదు. మీరూ ఆమెను తీసుకోండి, ఆమెకు కళ్ళు ఇవ్వండి. కొడక్ బ్రౌనీ కెమెరా 1900లోనే వచ్చింది, మామూలు మనుషులు కొనగలిగిన పెట్టె కెమెరా. ఆమె రేవులో తీసిన ఫొటో కడిగి ఆరబెట్టుకుంటుంది. అందులో కెప్టెన్ మధ్యలో ఠీవిగా ఉన్నాడు, మూల అప్పన్న పెట్టెలోంచి కాగితాల కట్ట తీసి ఇంకో చేతికి అందిస్తున్నాడు. ఆమె చూసింది. అప్పన్న ఆమె చూడడాన్ని చూశాడు. ఆమె ఆ ఫొటో ఏం చేస్తుంది? నాటకం రెండో సగం ఆ ప్రశ్న మీద నడవాలి. ఆమె చేత చింపించకండి, అది తేలిక. కెప్టెన్ అడిగితే తీసి ఇవ్వనివ్వండి. అతను చాలాసేపు చూసి, తన మీసం కొనలు సమంగా వచ్చాయా లేదా అన్నది మాత్రమే గమనించి, తిరిగి ఇచ్చేస్తాడు.

జర్మను వేషధారిని కూడా చులకన చెయ్యవద్దు. సీతాకోకచిలుకల మీద అతనికి నిజమైన ప్రేమ ఉండాలి. శత్రువు కూడా తన పనిని ప్రేమిస్తే ఇద్దరూ ఎదురుపడిన రంగం బలపడుతుంది.

ఊళ్ళో సంకేతాలు పంపడానికి కెప్టెన్‌కు అద్దం ఇవ్వండి. సరిహద్దు సైన్యాలు ఎండను అద్దంతో మెరిపించి కొండ నుంచి కొండకు వార్తలు పంపేవి, హీలియోగ్రాఫ్ అంటారు. పాత ఊరి దగ్గర మూడు కొండలు వరసగా ఉన్నాయి, చర్చి కొండ, దర్గా కొండ, వేంకటేశ్వరుడి కొండ. అంతకన్నా సిద్ధంగా ఉన్న రంగస్థలం ఎక్కడ దొరుకుతుంది? హాలులో ఒక లైటును అద్దం మీద పడేసి ప్రేక్షకుల మీదుగా తిప్పితే సరిపోతుంది.

పోర్టు విశ్రాంత ఉద్యోగి

పడవ రంగం గురించి ఒక్క మాట. పోర్టు తెరిచింది 1933లో. అంతకు ముందు స్టీమర్లు దూరాన లంగరు వేసేవి, మనుషులూ సరుకూ పడవల్లోనే రావాలి. అలల్లో నడిపే మసూలా పడవకు మేకులు ఉండవు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకు కొట్టిన పడవ నేలకు తగిలిన దెబ్బకు పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. దిగేటప్పుడు దొరలను భుజాల మీద ఎత్తుకుని పొడి ఇసుక మీద దించేవారు.

రంగస్థలం మీద పడవ బొమ్మ పెట్టకండి. రెండు పొడుగాటి వెదురు గెడలు, మధ్య ఒక బల్ల, అటూ ఇటూ నలుగురు మనుషులు. మనుషులు లేచి పడుతుంటే బల్ల ఊగాలి, బల్ల మీద కెప్టెన్ నడుము వంగకూడదు. గెడలు పట్టేవాళ్ళు ఒకే ఊపిరిలో కదలాలి, అందుకు పాట కావాలి. మా వీధిలో వేటకు వెళ్ళే కుటుంబాలున్నాయి, తెడ్డు వేసేటప్పుడు పాడే పదాలు పెద్దవాళ్ళకు ఇంకా గుర్తున్నాయి. మీ కుర్రాళ్ళను పంపితే కూర్చోబెట్టి నేర్పిస్తాను.

సీతమ్మధార నాటకం

అందరికీ మా బృందం తరఫున ధన్యవాదాలు. ఆదివారం ఉదయం మా వాళ్ళు నలుగురు పోర్టు పెద్దాయన దగ్గరికి వస్తారు. కెప్టెన్ వేషధారి అప్పుడే పాఠ్యపుస్తకం మొదలుపెట్టాడు, ఇంట్లో టీ కూడా గ్రాంథికంలోనే అడుగుతున్నాడట. కురుపాం మార్కెట్ అన్నయ్యా, జపమాల గురించి ఒక ప్రశ్న. మామూలు తులసి పూసలు వెనక వరసలకు కనిపిస్తాయా?

కురుపాం మార్కెట్ వేషధారణ

కనిపించవు తమ్ముడూ. రేగుపండంత చెక్క పూసలు తీసుకోండి, ముదురు రంగు వద్దు, లైటు కింద నల్లగా కలిసిపోతాయి. తాడు కాస్త వదులుగా ఉంచండి, పూస జరిపినప్పుడు టక్ మని చప్పుడు వినిపించాలి. నూరు పూసలు పెడితే చాలా బరువవుతుంది, అయినా నూరే పెట్టండి. అప్పన్న పైకే లెక్కపెట్టే రంగం ఒకటి ఎలాగూ రాస్తారు కదా, ముందు వరసలో పిల్లలు కూడా లెక్కపెడతారు.